పరుగెత్తి పాలా, నిలబడి నీళ్లా: ఐన్‌స్టీన్ లెక్కలో

"పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు" అంటారు మన పెద్దలు. 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతంతో చూస్తే ఈ ఇద్దరిలో లాభం ఎవరికి?

వయసు విషయంలో పరుగెత్తేవాడే గెలుస్తాడు. వెళ్లి తిరిగొచ్చినవాడి గడియారం నిలబడ్డవాడి గడియారం కన్నా వెనకబడుతుంది. కాంతి వేగంలో 87 శాతంతో వెళ్లొస్తే అతనికి గంట గడిచేసరికి ఇక్కడ రెండు గంటలు. అతని దృష్టిలో దారి కూడా సగానికి కుదించుకుపోతుంది! మన కాళ్ల సంగతి వేరు. గంటకు 10 కిలోమీటర్ల చొప్పున ఏడాదంతా ఆగకుండా పరుగెత్తినా మిగిలేది ఒకటిన్నర నానోసెకను కూడా కాదు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు).

ఇది వట్టి ఊహ కాదు. పై వాతావరణంలో పుట్టే మ్యూయాన్లనే అతి సూక్ష్మ కణాల సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. ఆ లెక్కన కాంతి వేగంతో వెళ్లినా సగటున 660 మీటర్లకే వాటి కథ ముగియాలి. దాదాపు కాంతి వేగంతో దూసుకొస్తాయి కాబట్టి, మన గడియారం ప్రకారం వాటి కాలం నెమ్మదించి, 10 కిలోమీటర్లకు పైగా దాటి నేలను చేరతాయి. పరుగెత్తి పాలు తాగినవంటే ఇవే.

మరి నిలబడ్డవాడు? హైదరాబాద్‌లో కదలకుండా నిలుచున్నా భూభ్రమణం వల్ల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగం, సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు. "దేనితో పోలిస్తే నిలబడ్డావు?" అని అడగాల్సిందే. ఈ సిద్ధాంతంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ సమానం. పరుగెత్తేవాడికి తన కాలం నెమ్మదించినట్టు అస్సలు తెలియదు. గ్లాసు పాలు తాగడానికి అతని చేతి గడియారంలో ఎప్పటిలాగే అరనిమిషం పడుతుంది.