కార్బన్–ఆల్ఫా చర్యను కొలవడానికి ఏ పద్ధతి మేలు?

తిరుపతిలో ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు కేంద్రక భౌతికం తీసుకున్న పిల్లలు ఏటా ఇదే అడుగుతున్నారు: కార్బన్-12 ఆల్ఫా కణాన్ని (హీలియం కేంద్రకాన్ని) పట్టుకుని ఆక్సిజన్-16 అయ్యే చర్యను నేరుగా కొలవడం మేలా, తిరగేసి కొలవడం మేలా?

నక్షత్రంలో ఈ చర్య 300 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో జరుగుతుంది. అంత కిందికి ఏ ప్రయోగమూ దిగలేదు. సుమారు 1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టు వరకు కొలిచి, అక్కడి నుంచి లెక్కతో దిగవలసిందే.

నేరుగా అంటే ఆల్ఫా పుంజాన్ని కార్బన్ మీదికి పంపి, వెలువడే గామా కిరణాలను లెక్కపెట్టడం. బలమైన పుంజం దొరుకుతుంది; ఆక్సిజన్ కేంద్రకపు మధ్య శక్తి స్థాయిల మీదుగా వచ్చే గామాలూ కనిపిస్తాయి. చిక్కంతా కార్బన్-13తోనే. సహజ కార్బన్‌లో అది 1.1 శాతమే, కానీ ఆల్ఫా తగిలితే న్యూట్రాన్లు వెదజల్లుతుంది; అవి డిటెక్టర్లలో అసలు గామాలను మరుగుపరుస్తాయి. ఇటలీలోని గ్రాన్ సాస్సో, చైనాలోని జిన్‌పింగ్ వంటి భూగర్భ ప్రయోగశాలలు కాస్మిక్ కిరణాలను అడ్డుకోగలవు గానీ, లక్ష్యంలోనే పుట్టే ఈ న్యూట్రాన్లను ఏం చేయగలవు?

తిరగేసిన పద్ధతిలో గామా పుంజంతో ఆక్సిజన్‌ను చీలుస్తారు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం దగ్గర ఇది చేసి చూపారు. డిటెక్టరులో నింపిన కార్బన్ డయాక్సైడే లక్ష్యం. చీలిన చోటి నుంచి రెండు జాడలు దాదాపు ఎదురెదురుగా సాగుతాయి: పొడుగుది ఆల్ఫా, పొట్టిది కార్బన్. వాయువులోని కార్బన్ చీలితే మూడు ఆల్ఫాల జాడలు పడతాయి, దాన్ని వేరు చేయవచ్చు.

నా దృష్టిలో తీర్పు చెప్పేది గామాలు, కణాలు వెలువడే కోణాలు. ఈ చర్యలో గామా వెలువడే రెండు తీరులు, అంటే విద్యుత్ ద్విధ్రువ (E1), చతుర్ధ్రువ (E2) భాగాలు, కలిసి ఉంటాయి. ఆక్సిజన్-16 కార్బన్, ఆల్ఫాలుగా విడిపోవడానికి కావలసిన 7.16 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గడపకు కాస్త కిందున్న 7.12, 6.92 శక్తి స్థాయిల వల్ల ఆ రెండూ వేర్వేరు తీరుల్లో కిందికి దిగుతాయి. వాటిని విడదీయకుండా 300 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి విలువ చెప్పడం కుదరదు. విడదీయగలిగేది కోణాలే. నేరు పద్ధతిలో డిటెక్టర్లు పెట్టిన కోణాల్లోనే కొలత దొరుకుతుంది. జాడల పద్ధతిలో ప్రతి ఘటన తన కోణాన్ని తానే చెబుతుంది. అందుకే నా మొగ్గు దీనివైపు. ఆక్సిజన్ భూస్థాయికి (అతి తక్కువ శక్తి స్థాయికి) నేరుగా చేరే భాగాన్ని మాత్రమే ఇది కొలుస్తుందన్నది నిజమైన లోటే, నేను కాదనను.

రీకాయిల్ సెపరేటర్లు (చర్యలో పుట్టిన ఆక్సిజన్‌ను పుంజం నుంచి వేరు చేసే పరికరాలు), లిథియంతో ఆల్ఫా బదిలీ చర్యలు, నైట్రోజన్-16 బీటా క్షయం కూడా ఉన్నాయి. అవి తోడుగా పనికొస్తాయి.

పుంజం ముందు కూర్చుని నేర్చుకోవాలనుకునేవారికి కోల్‌కతా సాహా సంస్థలోని ఫ్రెనా యాక్సిలరేటర్ వైపు చూడమంటాను. తిరుపతిలోనే ఉండి చేసేవారు ప్రచురితమైన కోణాల కొలతలు తీసుకుని, ఆ రెండు భాగాలను స్వయంగా విడదీయడంతో మొదలుపెట్టండి.