చేప తినాలా, చేప ప్రోటీన్ మాత్రలు వేసుకోవాలా?

బరువు ఎక్కువై, షుగర్ అంచు మీదున్నవాళ్లు ఈ మధ్య తరచుగా అడిగే ప్రశ్న ఇది.

ముందు మాత్రల సంగతి. వీటికి ఆధారం లేకపోలేదు. 2013లో నార్వే పరిశోధకులు అధిక బరువున్న 34 మందితో చేసిన అధ్యయనంలో, చేప ప్రోటీన్ రోజుకు 3 గ్రాములు నాలుగు వారాలు, తర్వాత 6 గ్రాములు ఇంకో నాలుగు వారాలు తీసుకున్నవాళ్లకి పరగడుపు షుగర్, భోజనం తర్వాతి షుగర్, చెడు కొలెస్ట్రాల్ తగ్గాయి, ఒంట్లో కొవ్వు శాతం కూడా కాస్త దిగింది. అంత చిన్న మోతాదుకి ఇంత మార్పా అని నాకూ ఆశ్చర్యమేసింది. కానీ 34 మంది, ఎనిమిది వారాలు... దాన్ని పట్టుకుని షుగర్ మందులు మానేయడం మాత్రం ప్రమాదం, దయచేసి ఆ పని చేయకండి.

ఇక చేప. 6 గ్రాముల ప్రోటీన్ అంటే దాదాపు 30 గ్రాముల చేప ముక్క, అంటే రెండు ముద్దల్లో అయిపోయేంత! పైగా మాత్రల్లో వాడే ప్రోటీన్ పొడి చేసేటప్పుడు నూనె చాలావరకు తీసేస్తారు కాబట్టి ఒమేగా-3 (చేప నూనెలో ఉండే మంచి కొవ్వు) దాదాపు ఉండదు, కొవ్వు చేపల్లో దొరికే విటమిన్ డి కూడా అంతే. చేప తింటే కడుపూ నిండుతుంది, పళ్లెంలో వేపుడు మాంసానికి చోటు తగ్గుతుంది, మాత్ర ఆ పని చేయలేదు. నూనెలో ముంచి వేయించితే మాత్రం ఆ లాభం చాలావరకు పోయినట్టే.

చేప అలర్జీ ఉంటే రెండూ వద్దు. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ని అడగాలి.

నా ఓటు వారానికి రెండుసార్లు చేపకే. వాసన అసలు పడనివాళ్లు మాత్ర ప్రయత్నించొచ్చు, మూడు నెలలకోసారి, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ చూసుకుంటూ.