కంపెనీ మోడ్: మాన్యువల్ చదివాకే దారికొచ్చింది

శ్రీకాకుళం బలగలో మా మేడ మీద కూర్చుని రోజూ ఎమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెలుగు పాఠాలు టైపు చేస్తుంటాను. మాట మొదలు కొడితే మిగతాది అందించడానికి ఇదివరకు వాడిన యాడాన్‌కి మాన్యువల్ అంటే నాలుగు లైన్ల రీడ్‌మీ. ఏ మీట ఏం చేస్తుందో తడుముకోవడమే. "పొద్దల్లా ఏటి దాంతో దెబ్బలాట?" అనేది అమ్మ.

అదే పని చేసే కంపెనీ మోడ్ వేరు. పేరు చూసి వ్యాపారమనుకోకండి, ‘కంప్లీట్ ఎనీథింగ్’కి పొట్టిపేరు. మాన్యువల్ ఎమాక్స్ లోపలే తెరుచుకుంటుంది, నెట్ పోయినా పర్లేదు. మూడు అక్షరాలు కొట్టాకే మాటల మెనూ వస్తుందనీ, ఆ అంకె మార్చుకోవచ్చనీ తేటగా రాశారు.

కానీ అక్షరమంటే ఏది? మనకి ‘శ్రీ’ ఒకటే. ఎమాక్స్‌కి నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ‘శ్రీ’ కొట్టేసరికే హద్దు దాటిపోయి శ్రీను, శ్రీమతి, శ్రీముఖలింగం అన్నీ వరసకట్టేస్తాయి. అంకె 5 చేశాను. ఇప్పుడు ‘శ్రీక’ దాకా వెళ్తే గానీ నోరు విప్పదు, అప్పుడైనా శ్రీకాకుళం, శ్రీకూర్మం రెండే. ప్రాణం కుదుటపడింది.

మాన్యువల్లో ఆ అంకె పక్కన తెలుగు ఉదాహరణ ఒక్కటుంటే బాగుణ్ణు. నేనే రాసి పంపుదామని మొదలెట్టాను, పొల్లుని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలీక రెండో లైన్లోనే ఆగాను.