అమరావతికి ముందు బందరు రోడ్డులో ఆగండి

అమరావతి బౌద్ధ స్తూపం చూడాలని వచ్చేవాళ్లు చాలామంది బెజవాడలో రైలు దిగి, అమ్మవారి దర్శనం చేసుకుని, తిన్నగా అమరావతి బస్సెక్కేస్తారు. బందరు రోడ్డులోని బాపు మ్యూజియం వాళ్ల లెక్కలోకే రాదు. నేను మాత్రం ముందు అక్కడికే వెళ్లమంటాను.

ఆ పాత భవనానికి 1887లో శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండిన సందర్భం కాబట్టి విక్టోరియా జూబిలీ అన్న పేరు పడింది. దానికి పదేళ్ల ముందు, 1877లో, అమరావతిలో స్తూపం ఉన్న దిబ్బను తవ్వించిందీ ఈ సీవెలే. రెండు చోట్లనూ కలిపే దారం ఆయన. 1921 కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించింది కూడా ఈ ఆవరణలోనే అంటారు. 1962లో ఇది మ్యూజియం అయింది. 2020లో బాగుచేసి, బాపు మ్యూజియంగా మళ్లీ తెరిచారు.

ఇక్కడ తీరిగ్గా చూడాల్సింది అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుణ్ణి. క్రీ.శ. 3-4 శతాబ్దాల నాటి పని, తెల్లటి సున్నపురాయి. ఈ ప్రాంతపు శిల్పులు వస్త్రం మడతలను ఎంత పలచగా చెక్కేవారో, కింద అంచును ఎంత దళసరిగా వదిలేవారో ఒకసారి కంటికి అలవాటైతే, రేపు అమరావతిలో విరిగిన ముక్కను చూసినా పోల్చుకోగలం. అందుకే దీన్ని ముందు చూడమనేది. ఆయుధాలు, నాణేలు, బిద్రీ సామాను (నల్లటి లోహం మీద వెండి పొదిగినవి) ఉన్న గదులు త్వరగా చుట్టేసినా పరవాలేదు.

అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు, మరిచిపోవద్దు. స్తూపం మీది శిల్పాలున్న మంచి రాతి పలకలు చాలావరకు చెన్నైకీ లండన్‌కీ పోయాయి. ఆ సంగతి తెలిసి వెళ్లినా మనసు కలుక్కుమంటుంది. అయినా మిగిలిన పద్మాలు, స్తంభాలు, ఆవరణలో పెట్టిన స్తూపం నమూనా చూస్తే ఎంత పోగొట్టుకున్నామో కొలత తెలుస్తుంది. పక్కనే ఉన్న అసలు స్తూపం ఇప్పుడు అడుగుభాగమే. దాని చుట్టుకొలత నడిచి చూడండి, వ్యాసమే దాదాపు 50 మీటర్లు. నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లడం మేలు.

బస మటుకు బెజవాడలోనే. బస్టాండును ఆనుకుని ఉన్న ఒక లాడ్జిలో రాత్రంతా హారన్ల మోతకు కంటి మీద కునుకు పడలేదు. గాంధీనగర్ లోపలి వీధులు నయం, భోజనానికీ లోటుండదు. గుంటూరు వైపు వెళ్లాల్సినవాళ్లు అమరావతి నుంచి వెనక్కి రానక్కర్లేదు. అక్కణ్ణించే గుంటూరుకు బస్సులున్నాయి, దూరం 35 కిలోమీటర్లకు అటూ ఇటూగా. కుటుంబంతో, పెద్దవాళ్లతో వస్తే మాత్రం బెజవాడలో కారు మాట్లాడుకోండి. మ్యూజియం దగ్గర ఆదరాబాదరా పడకుండా ఉండొచ్చు.