పికప్‌కి అలైన్‌మెంట్: టేపు మేలా, త్రీడీ మెషిన్ మేలా?

ముందు టైర్లు రెండూ లోపలి అంచున తీగలు తేలాయి. వేసి 12,000 కిలోమీటర్లు కూడా కాలేదు. బయటి అంచు చూస్తే నిన్న వేసిన టైరులా ఉంది. ఇందుకూరుపేట వైపు చెరువుల దగ్గర ఐసులో రొయ్యలు నింపుకుని తిరిగే పికప్ మాది. ఆ టైర్లు వేసిన రోజే నెల్లూరులో ఒక టైర్ల షాపులో త్రీడీ అలైన్‌మెంట్, అంటే కెమెరాల మెషిన్‌తో చక్రాల వాలూ దిశా కొలిచి సరిచేయడం, చేయించాను. వాళ్లిచ్చిన స్లిప్పు దాచి ఉంచాను కూడా. అందులో గడులన్నీ పచ్చగా ఉన్నాయి. కాగితం బాగుందంటోంది, టైరు పాడైందంటోంది. రెండిటిలో ఏది నమ్మాలో తెలియక, ఆ తర్వాత కొన్ని నెలలపాటు నా బండినీ, చీమకుర్తిలో ఉండే మా బావ బండినీ దగ్గర పెట్టుకుని, అలైన్‌మెంట్ చేసే చోట్లన్నీ ఒక్కొక్కటిగా చూశాను. పికప్ మీద బతికేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

టేపా, మెషినా అని తేల్చుకునే ముందు బండి ముందు భాగం కిందికి వంగి చూడాలి. అక్కడ రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే ఇనుప ఇరుసు, దాని మీద కమాన్ కట్టలు, అంటే ఇనుప పట్టీల స్ప్రింగులు. నా బండి ఇదే. టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్ లాంటి చిన్న లోడు బండ్లకు కూడా ముందు కట్టలే ఉంటాయి. రెండోది, కార్లలో మాదిరిగా ఏ చక్రానికి ఆ చక్రం విడిగా, పైనా కిందా ఆర్ములతో, కాయిల్ స్ప్రింగుతో ఉండేది. బావది ఇసుజు డీ మ్యాక్స్, దానికి ఇలా ఉంటుంది. మన పొరుగునే తడ దగ్గర శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న బండి అది.

ఈ తేడాను బట్టే మిగతాదంతా తేలుతుంది. అలైన్‌మెంట్ అంటే ముఖ్యంగా మూడు కొలతలు. చక్రాల ముందు అంచులు ఒకదాని వైపు ఒకటి చూస్తున్నాయా, ఎడంగా చూస్తున్నాయా అన్నది టో. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం తల లోపలికి వాలిందా, బయటికి వాలిందా అన్నది క్యాంబర్. పక్క నుంచి చూసినప్పుడు స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వెనక్కి ఎంత వాలి ఉందన్నది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండటం గుర్తు తెచ్చుకుంటే క్యాస్టర్ అర్థమవుతుంది. ఒకే ఇరుసు ఉన్న బండిలో షెడ్డులో తిప్పి సరిచేయగలిగేది టో ఒక్కటే. క్యాంబర్ ఇరుసుతోనే తయారై వస్తుంది. క్యాస్టర్ మార్చాలంటే కట్టకూ ఇరుసుకూ మధ్య చీలిక లాంటి ఇనుప ముక్క పెట్టాలి. విడి సస్పెన్షన్ ఉన్న బండిలో మూడూ మారుతాయి, ఒకటి కదిపితే మరొకటి కదులుతుంది. అందుకే క్యాస్టర్, క్యాంబర్ ముందు సరిచేసి టో చివర పెట్టాలి.

నా బండి తీసుకుని నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన టేపు బయటికి తీయనే లేదు. ముందు టైర్లలో గాలి చూశాడు. తర్వాత జాకీ మీద చక్రం లేపి, పైనా కిందా చేతులు వేసి ఊపాడు. చక్రం టకటకమంది. సహాయకుణ్ని బ్రేకు తొక్కి పట్టుకోమన్నాడు. బ్రేకు తొక్కినా ఊగుతుంటే బేరింగు తప్పు కాదు, కింగ్ పిన్, అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరగడానికి ఆధారమైన నిలువు పిన్ను, అరిగిందని అర్థం. ముందు చక్రాలు రెండిటినీ కలిపే కడ్డీ టై రాడ్, దాని చివరల్లో కూడా లూజు తేలింది. నేను స్లిప్పు చూపించాను.

“మెషిన్ అబద్ధం చెప్పలేదు నాయనా. బండి నిలబడి ఉంటే చక్రాలు ఎక్కడున్నాయో చెప్పింది. నడిచేటప్పుడు ఎక్కడికి పోతున్నాయో దాన్ని ఎవరూ అడగలేదు” అన్నాడు.

నెలల తరబడి నన్ను వేధించిన చిక్కు ఆ ఒక్క మాటతో విడిపోయింది. వెనక చక్రాలు తోసే బండిలో ముందు చక్రాలను రోడ్డు వెనక్కి నెడుతుంది. కింగ్ పిన్, టై రాడ్ లూజుగా ఉంటే ఆ నెట్టుడుకు చక్రాలు రెండూ బయటికి విచ్చుకుంటాయి. నిలబడి ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న టో, రోడ్డెక్కగానే ఎడమైపోతుంది. లోపలి అంచులు తినేస్తుంది.

ఆ ఎడం ఎంత ఖరీదో లెక్క కట్టాను. టైరు వ్యాసం సుమారు 700 మిల్లీమీటర్లు అనుకుందాం. ముందు కొలతకూ వెనక కొలతకూ ఉండాల్సిన దానికంటే 3 మిల్లీమీటర్లు తేడా వస్తే, రెండు చక్రాల మధ్య పావు డిగ్రీ తప్పినట్టు. అంటే ఒక్కో టైరు కిలోమీటరుకు రెండు మీటర్లకు పైగా అడ్డంగా రాసుకుంటూ నడుస్తుంది. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. ఒక్కసారి సరుకు దించి వచ్చేలోపు ఒక్కో టైరును 700 మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చినంత అరుగుదల! కంటికి ఆనని మూడు మిల్లీమీటర్లు చేసే పని ఇది.

కింగ్ పిన్ సెట్టూ, టై రాడ్ చివరలూ మార్చాక ఆయన టేపు పట్టిన తీరు చెప్పాలి. ఎందుకంటే టేపు పద్ధతిని చిన్నచూపు చూసేవాళ్లు ఇది చూసి ఉండరు. చక్రం లేపి, టైరుకు సుద్ద పూసి, మేకు కదలకుండా ఆనించి చక్రం తిప్పితే టైరు చుట్టూ సన్నని గీత పడింది. రెండు చక్రాలకూ అలా గీశాడు. జాకీ దించాక బండిని కొన్ని అడుగులు ముందుకు తోయించాడు. జాకీ మీద నుంచి దిగిన చక్రాలు ఈడ్చుకుని బిగిసి ఉంటాయి, తోస్తేనే అవి తమ చోటికి వస్తాయి. అప్పుడు ఇరుసు ఎత్తులో ముందువైపు గీత నుంచి గీతకు కొలిచాడు. ఆ గీతలే వెనకవైపుకు వచ్చేలా బండిని మళ్లీ తోయించి అక్కడా కొలిచాడు. కంపెనీ చెప్పిన టో ఎంతో నేను ముందే రాయించుకుని వెళ్లాను, దాని ప్రకారం టై రాడ్ తిప్పి లాక్ నట్టు బిగించాడు. చివర్లో బండి పక్కన పొడుగునా దారం లాగి, వెనక ఇరుసు తిన్నగా ఉందో లేదో చూశాడు. కట్ట మధ్య బోల్టు తెగితే వెనక ఇరుసు ఒక పక్క జరుగుతుంది. అప్పుడు రోడ్డు మీద బండి కొంచెం ఏటవాలుగా నడుస్తుంది, స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది.

మన చెరువుల ప్రాంతం వాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. రొయ్యల డబ్బాల నుంచి ఉప్పునీళ్లు కారి, గట్ల మీది తడి అంతా కిందికి చిమ్మి, టై రాడ్ మరలు తుప్పుతో పట్టేస్తాయి. నా బండికి ఒక పక్క మర కదలడానికే గంట పట్టింది. కదలని మరను కదిలించకుండానే ‘అయిపోయింది’ అని బండి బయటికి పంపేవాళ్లుంటారు. వారానికి ఒకసారి మంచినీళ్లతో కింద కడిగించి, ఆ మరలకు గ్రీజు పట్టించడం ఇప్పుడు మా బండికి తప్పనిసరి చేశాను.

అయితే టేపుకు ఒక హద్దుంది. అది టో చెబుతుంది, దారం వెనక ఇరుసు సంగతి చెబుతుంది. క్యాంబర్, క్యాస్టర్ ఎంతో రెండూ చెప్పలేవు. బావ బండి విషయంలో ఆ హద్దే అడ్డొచ్చింది.

చీమకుర్తి క్వారీల్లో గెలాక్సీ గ్రానైట్ రాళ్ల మధ్య తిరిగే బండి అది. చదును రోడ్డెక్కగానే ఎడమకు లాగేది. “టో పెట్టిస్తే పోతుందిలే బావా” అని నేనే అన్నాను. నాది తప్పు. టో తేడా టైరును తింటుంది కానీ, చాలావరకు బండిని ఒక పక్కకు లాగదు. క్యాంబర్ ఏ పక్క ఎక్కువ పాజిటివ్‌గా (చక్రం తల బయటికి వాలి) ఉంటే, క్యాస్టర్ ఏ పక్క తక్కువగా ఉంటే ఆ పక్కకు లాగుతుంది. మన రోడ్లు నీళ్లు జారడానికి ఎడమ అంచుకు వాలి ఉంటాయి కనుక స్వల్పంగా ఎడమకు పోవడం సహజమే. అంతకు మించి లాగితే ముందు టైర్లు రెండూ ఇటుది అటు మార్చి నడిపి చూడాలి. లాగుడు పక్క మారితే తప్పు టైరుది, మారకపోతే కొలతలది. బావ బండికి మారలేదు.

అందుకే ఒంగోలులో త్రీడీ మెషిన్ ఉన్న షాపుకు వెళ్లాం. ఈసారి పక్కనే నిలబడి ప్రతి పనీ చూశాను. నాలుగు చక్రాలకూ పలకలు బిగించారు. ముందున్న కెమెరాలు వాటిని చూస్తుండగా బండిని కొంచెం వెనక్కి దొర్లించి మళ్లీ ముందుకు తెచ్చారు. రిమ్ము వంకర ఉన్నా, పలక సరిగ్గా కూర్చోకపోయినా ఆ దొర్లింపుతో మెషిన్ సర్దుకుంటుంది. తర్వాత ముందు చక్రాల కింద తిరిగే పళ్లేలకున్న పిన్నులు తీసేసి, స్టీరింగ్ కుడికీ ఎడమకూ తిప్పారు. క్యాస్టర్ కొలిచేది ఆ తిప్పుడుతోనే. అది చేయకపోతే క్యాస్టర్ గడిలో ఉన్న అంకెకు విలువ లేదు. బావ బండికి కుడికీ ఎడమకూ మధ్య క్యాంబర్ తేడా స్పష్టంగా కనిపించింది. కింది ఆర్ము కీలులో ఉండే రబ్బరు బుష్షు ఒకటి నలిగిపోయి ఉంది. అది మార్చి, క్యాస్టర్, క్యాంబర్ సరిచేసి, చివర టో పెట్టారు. తిరుగు ప్రయాణంలో బావ రెండు వేళ్లతో స్టీరింగ్ పట్టుకుని నడిపాడు. ఈ పని ఏ టేపూ చేయలేదు.

మరి అదే రకం మెషిన్ నా బండిని ఎందుకు కాపాడలేకపోయింది? కింగ్ పిన్ ఊపి చూడకుండా కొలవడం ఒక కారణం. రెండోది ఇంటికొచ్చాక స్లిప్పు మళ్లీ చదివితే తెలిసింది. దాని మీద బండి పేరు నా పికప్‌ది కాదు, ముందు కాయిల్ స్ప్రింగులుండే ప్యాసింజర్ బండిది. మెషిన్ జాబితాలో నా మోడల్ వెతకలేదో, దొరకలేదో, దగ్గరగా ఉన్న పేరు ఎంచేశారు. అంటే ఆ పచ్చ రంగు వేరే బండి కొలతలకు వచ్చింది. స్లిప్పు చేతికివ్వగానే రంగులు కాదు, పైన బండి పేరు చూడండి. చేయకముందు కొలత, చేశాక కొలత రెండూ అందులో ఉండాలి. చేశాక కొలత మాత్రమే ఇస్తే అసలు ఏం మార్చారో తెలుసుకునే దారి ఉండదు.

కంపెనీ సర్వీస్ సెంటర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వారంటీ ఉన్నన్నాళ్లూ అక్కడికే వెళ్లడం మంచిది, మోడల్‌కు సరైన కొలతలు వాళ్ల దగ్గర కచ్చితంగా ఉంటాయి. ఆ తర్వాత పని నాణ్యత ఆ రోజు మెషిన్ దగ్గర నిలబడ్డ మనిషిని బట్టే ఉంటుంది. నేను టేపు మేస్త్రీకి చూపించిన టో అంకె మాత్రం అక్కడ అడిగి రాయించుకున్నదే.

హైవే వెంట లారీలకు అలైన్‌మెంట్ చేసే షెడ్లు నాలుగో దారి. కట్టలూ ఒకే ఇరుసూ ఉన్న పికప్‌కు ఇవి బాగా నప్పుతాయి. రోజంతా కింగ్ పిన్‌లూ ఇరుసులూ చూసే చేతులవి. లోపలికి దిగి చూడటానికి గుంత ఉంటుంది, వెనక ఇరుసు జరిగితే వెంటనే పట్టేస్తారు. ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. క్యాంబర్ తప్పిందని ఇరుసును జాకీతో వంచి సరిచేస్తామంటే వద్దనండి. గుంతలో పడి వంగిన ఇరుసును మళ్లీ వంచితే బలం తగ్గుతుంది. లోడుతో మూడు టన్నులు దాటే బండి మనది, దాని ముందు భాగంలో మనిషి కూర్చుంటాడు. వంగింది మార్చాల్సిందే.

కాబట్టి ముందు కట్టలున్న పికప్‌కు, కింగ్ పిన్ ఊపి చూశాకే టేపు తీసే మేస్త్రీ గానీ లారీ షెడ్డు గానీ నా మొదటి ఎంపిక. విడి సస్పెన్షన్ ఉన్న పికప్‌కు త్రీడీ తప్ప మరో ఆలోచన వద్దు. అది కూడా దొర్లించి, పిన్నులు తీసి, స్టీరింగ్ తిప్పే చోటే. రెండిటికీ బండి ఖాళీగా ఉన్నప్పుడే కొలిపించాలి, కంపెనీ వేరేలా చెబితే తప్ప. వెనక లోడు ఉంటే ముందు భాగం లేచి క్యాస్టర్ మారిపోతుంది. వేగంలో స్టీరింగ్ వణుకుతుంటే అది చాలాసార్లు బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా సర్దడం) సంగతి, అలైన్‌మెంట్‌కు డబ్బు కట్టే ముందు దాన్ని చూపించండి.

ఖర్చు విషయంలో వెనకాడేవాళ్లకు ఒక్క పోలిక. కింగ్ పిన్ సెట్టు, టై రాడ్ చివరలు, మేస్త్రీ కూలీ అన్నీ కలిపినా నాకు రెండు కొత్త టైర్లంత కాలేదు. తర్వాత వేసిన టైర్లు ఇప్పటికి 21,000 కిలోమీటర్లు తిరిగాయి. నిన్న చెరువు గట్టు మీద బండి ఆపి అరచేత్తో తడిమి చూశాను. లోపలి అంచూ బయటి అంచూ ఒకేలా తగిలాయి.