పచ్చని ఆకుల సాస్‌కు చేతి బ్లెండర్: ఎనిమిది నెలల వాడకంలో తేలినది

తాజా ఆకులతో, మీగడలా చిక్కగా ఉండే సాస్‌ను ఇంట్లోనే చేసుకోవాలని పూనుకున్న వారికి తొలి చిక్కు పరిమాణం దగ్గరే వస్తుంది. నలుగురికి సరిపడే సాస్ అంటే ఒక చిన్న గిన్నెడు మాత్రమే. మిక్సీలో ఎంత చిన్న జార్ తీసుకున్నా, గుప్పెడు ఆకులు రెండు తిప్పులకే జార్ గోడలకు అంటుకుపోతాయి, అడుగున బ్లేడు ఖాళీగా తిరుగుతూ ఉంటుంది. మూత తీసి, గరిటెతో కిందికి నెట్టి, మళ్లీ తిప్పి, చివరికి విసుగెత్తి నాలుగు చెంచాల నీళ్లు పోస్తాం. ఆ నీళ్లతోనే సాస్ చిక్కదనం కాస్తా పోతుంది. ఈ ఒక్క పనిని దృష్టిలో పెట్టుకునే నేను ఎనిమిది నెలల క్రితం, చేత్తో పట్టుకుని గిన్నెలోకి దించి తిప్పే బ్లెండర్‌ను కొన్నాను. అది సూప్‌లను, పండ్ల రసాలను ఎలా చేస్తుందో ఇక్కడ చర్చించడం లేదు; ఆకుల సాస్ విషయంలో దాని పనితనాన్ని మాత్రమే చెబుతాను.

నా దగ్గరున్న పరికరానికి 600 వాట్ల మోటారు, రెండు వేగాలు, విడదీయడానికి వీలైన స్టీలు కాడ, ఆ కాడ చివర బోర్లించిన గంటలాంటి తొడుగు, తొడుగు లోపల రెండు రెక్కల బ్లేడు ఉన్నాయి. వీటితో పాటు పొడవాటి ప్లాస్టిక్ గ్లాసు, ఆకులు తరగడానికని ఒక చిన్న గిన్నె, గిలక్కొట్టడానికి తీగల విస్క్ వచ్చాయి. మోటారు చేతిలో, బ్లేడు గిన్నెలో ఉండే ఈ తరహా పరికరానికి స్విట్జర్లాండ్‌లో రోజర్ పెరింజాకే 1950లో పేటెంట్ తీసుకున్నాడు. ‘కొడుతుంది, కలుపుతుంది’ అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటలను కుదించి దానికి బామిక్స్ అని పేరు పెట్టారు. ఆ పేరులోని రెండు పనుల్లో సాస్‌కు అసలు కావలసింది రెండోదేనని వాడుతున్న కొద్దీ నాకు అర్థమైంది.

ఈ పరికరం తన సత్తాను చూపించేది పాలతో సాస్‌కు పునాది వేసేటప్పుడే. పొడవాటి గ్లాసులో 100 మిల్లీలీటర్ల చల్లని పాలు, అర చెంచా ఆవపొడి, చిటికెడు ఉప్పు వేసి, వాటి మీద వాసన లేని పొద్దుతిరుగుడు నూనె 200 మిల్లీలీటర్లు పోయాలి. నూనె పైకి తేలి, పాలు అడుగున నిలిచేదాకా అర నిమిషం ఆగాలి. ఆ తర్వాత బ్లెండర్‌ను నిటారుగా దించి, గంట అంచు గ్లాసు అడుగుకు ఆనేలా పెట్టి, మీట నొక్కి పది సెకన్లపాటు చేతిని కదపకూడదు. తొడుగు పక్కనున్న కంతల్లోంచి మొదట సన్నని తెల్లని దారాలు బయటికి వస్తాయి. చూస్తుండగానే అవి చిక్కబడి, మేఘంలా లేచి, గ్లాసును కింది నుంచి పైకి తెల్లగా నింపుకుంటూ వస్తాయి. అంతవరకు కీచుమని మోగిన మోటారు బరువు తగిలినట్టుగా గొంతు మార్చి గురగురమంటుంది. ఆ మార్పు చెవిన పడిన తర్వాతే కాడను మెల్లగా పైకి లాగాలి. మొత్తం అర నిమిషం పని. చివర చెంచాన్నర నిమ్మరసం వేసి రెండుసార్లు మీట నొక్కితే, పాలలోని ప్రోటీన్లు పులుపుకు దగ్గరపడి, అప్పటిదాకా జారుగా ఉన్న మిశ్రమం గరిటెకు పట్టి నిలుస్తుంది.

ఇలా కుదరడానికి కారణం మోటారు శక్తి కంటే గంట ఆకారం, గ్లాసు వెడల్పు. గంట అడుగుకు ఆనుకుని ఉన్నంతసేపు బ్లేడుకు ముందు పాలే అందుతాయి. పైనున్న నూనె సుడికి చిక్కి కొద్దికొద్దిగా మాత్రమే కిందికి దిగి, సన్నని బిందువులుగా చీలి, పాల ప్రోటీన్ల పొరలో ఇరుక్కుపోతుంది. చేత్తో గిలక్కొట్టేటప్పుడు నూనెను చుక్కచుక్కగా పోయమని చెప్పేది కూడా ఇందుకే. అదే కొలతలను వెడల్పాటి గిన్నెలో వేసి రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ నూనె ఒక్కసారిగా బ్లేడు మీద పడి, మిశ్రమం విరిగి, పాలు వేరుగా నూనె వేరుగా నిలబడ్డాయి. విరిగిన దాన్ని పారబోయనవసరం లేదు. గ్లాసులో మూడు చెంచాల కొత్త పాలు తీసుకుని, బ్లెండర్ తిప్పుతూ, విరిగిన మిశ్రమాన్ని సన్నని ధారగా పోస్తే మళ్లీ కుదురుకుంటుంది.

పాలకు బదులు ఒక గుడ్డు వాడితే పచ్చసొనలో ఉండే, నూనెను నీటితో కలిపి పట్టి ఉంచే లెసిథిన్ వల్ల పునాది మరింత గట్టిగా, నునుపుగా వస్తుంది. అయితే అది పచ్చి గుడ్డు కాబట్టి, చిన్నపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పెట్టేటప్పుడు పాశ్చరైజ్ చేసిన గుడ్లనే వాడాలి. ఇలా గుడ్డు, నూనెతో చేసే చిక్కని సాస్‌నే మేయొనైజ్ అంటారు; అమెరికా ఆహార ప్రమాణాల ప్రకారం ఆ పేరు పెట్టాలంటే బరువులో కనీసం 65 శాతం వృక్ష నూనె ఉండాలి. మన పాల పునాది కూడా దానికి పెద్ద దూరంలో ఏమీ లేదు. నోటికి బరువనిపించే ఆ నూనెతనాన్ని తగ్గించడానికి నేను చివర పెరుగు కలుపుతాను. ఆ పెరుగు దగ్గరే ఈ పరికరంతో మొదటిసారి దెబ్బతిన్నాను.

గుడ్డలో కట్టి, మూడు గంటలు వేలాడదీసి, చెంచా నిలబడేంత గట్టిగా తయారు చేసుకున్న పెరుగును ఆకులతో పాటు గ్లాసులో వేసి తిప్పాను. పది సెకన్లలో అది మజ్జిగలా జారిపోయింది. పెరుగుకు గట్టిదనాన్నిచ్చేది ప్రోటీన్లు అల్లుకున్న సన్నని వల. వేగంగా తిరిగే బ్లేడు ఆ వలను తెంపేస్తుంది, ఫ్రిజ్‌లో ఎంతసేపు పెట్టినా అది మొదటి స్థితికి రాదు. క్రీమ్‌తో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అనుభవం కలిగింది. 35 శాతం కొవ్వున్న క్రీమ్ మొదట బాగానే చిక్కబడింది. ఇంకొంచెం చూద్దామని మరికొన్ని సెకన్లు తిప్పేసరికి పలుకులు కట్టి, వెన్న తేలే దశకు వచ్చేసింది. చిలికితే వెన్న వస్తుందని తెలిసి కూడా చేసిన తప్పు అది. ఇప్పుడు పెరుగునైనా క్రీమునైనా బ్లేడు దరికి రానివ్వను. ఆకులు నలిగిన తర్వాత గరిటెతోనే కలుపుతాను. పరికరంతో వచ్చిన పుస్తకంలో షేక్‌ల కొలతలకు నాలుగు పేజీలు కేటాయించారు గానీ, ఈ ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు.

ఆకుల విషయంలో బ్లెండర్ పనితనం ఆకును బట్టి మారుతుంది. కొత్తిమీర లేత కాడలతో సహా హాయిగా నలుగుతుంది, ఆ కాడల్లో రుచి కూడా ఎక్కువే. పార్స్‌లీ ముదురు కాడలు, పుదీనా కాడలు మాత్రం దారాల్లా బ్లేడు ఇరుసుకు చుట్టుకుంటాయి. ఒకసారి మోటారు వేడెక్కిన వాసన వస్తే ఆపి, ప్లగ్ తీసి చూశాను. నాలుగు పుదీనా కాడలు ఇరుసు చుట్టూ పురి తాడులా బిగుసుకుని ఉన్నాయి. వాటిని టూత్‌పిక్‌తో లాగడానికి సాస్ చేయడానికి పట్టిన సమయం కంటే ఎక్కువే పట్టింది. కాబట్టి ఆకులు తుంచి, కత్తితో ఒకసారి ముతకగా తరిగి వేయడం తప్పనిసరి. కడిగిన ఆకులను బట్టలో ఒత్తి ఆరబెట్టడం అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఆకుల మడతల్లో దాగిన నీళ్లు మనం తీసుకున్న జాగ్రత్తనంతా వమ్ము చేస్తాయి. పైన చెప్పిన పునాదికి 40 గ్రాముల ఆకులు సరిపోతాయి. వాటిని రెండేసి సెకన్ల చొప్పున నాలుగైదుసార్లు తిప్పితే చాలు. ఆకు ముక్కలు కంటికి కనిపించేంతగా మిగిలినప్పుడే రుచి తాజాగా ఉంటుంది.

రంగు గురించి బ్లెండర్‌ను నిందించే వారికి ఒక మాట. బేసిల్, పుదీనా నల్లబడేది ఆకు చీలినప్పుడు బయటపడే ఎంజైమ్‌కు గాలి తోడవడం వల్ల. నిమ్మరసంలో నానిన ఆకుపచ్చ మెల్లగా ముదురు గోధుమ వైపు తిరిగేది, ఆ పులుపుకు పత్రహరితం తనలోని మెగ్నీషియాన్ని కోల్పోవడం వల్ల. మొదటిదానికి ఉపాయం మరిగే నీళ్లలో పది, పదిహేను సెకన్లు ముంచి వెంటనే ఐసు నీళ్లలో వేసి గట్టిగా పిండడం. అయితే దాంతో సువాసనలో కొంత భాగం నీళ్ల పాలవుతుంది. నేను సగం ఆకులను ఇలా ముంచి, సగం పచ్చివే వేస్తున్నాను; ఒక భాగం రంగు నిలుపుతుంది, రెండోది వాసన ఇస్తుంది. ఇక రెండోదానికి ఉపాయం లేదు, చేసిన రోజే తినడం తప్ప.

వెల్లుల్లి ఒక్క రెబ్బ చాలు. బ్లేడు దాని కణాలను కత్తి కంటే ఎంతో సూక్ష్మంగా చీలుస్తుంది కాబట్టి, ఘాటు పుట్టించే అల్లిసిన్ కూడా అంత ఎక్కువగా తయారవుతుంది. రెబ్బను ముందుగానే నిమ్మరసంలో తురిమి పది నిమిషాలు ఉంచితే, పులుపు అల్లిసిన్‌ను తయారుచేసే ఎంజైమ్‌ను అణచివేసి ఘాటును మెత్తబరుస్తుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను కూడా బ్లేడుకు అప్పగించకూడదని చేదు తిన్నాకే తెలుసుకున్నాను, అక్షరాలా. అది ఇష్టమైన వారు రెండు చెంచాలు చివర చేత్తో కలుపుకోవడం మేలు.

తరిగే గిన్నెను నేను మూడోసారి తర్వాత మళ్లీ బయటికి తీయలేదు. దాని బ్లేడు అడుగు నుంచి చాలా ఎత్తులో ఉంది. గుప్పెడు ఆకులు దాని కింద చేరి అలాగే పడి ఉంటాయి. దాన్ని నింపేంత ఆకులుంటే మిక్సీనే చాలు. భద్రత కోసం రెండు మీటలను ఒకేసారి నొక్కాలన్న ఏర్పాటు సబబే గానీ, అవి దూరదూరంగా ఉండటంతో ఒక చేత్తో నూనె ధార పోస్తూ రెండో చేత్తో నడపడం చిన్న చేతుల వారికి కష్టం. వేగం రెండింటిలో తక్కువది కూడా ఆకులకు కాస్త ఎక్కువే. శుభ్రం చేయడం మాత్రం సులువు: గ్లాసులో గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క సబ్బు వేసి పది సెకన్లు తిప్పితే గంట లోపలి భాగం కూడా శుభ్రపడుతుంది. ప్లాస్టిక్ గ్లాసుకు పట్టిన వెల్లుల్లి వాసన, గంట దగ్గరి రబ్బరు వలయానికి అంటిన ఆకుపచ్చ మరక నేటికీ పోలేదు.

ఆరో నెలలో ఆ ప్లాస్టిక్ గ్లాసు అడుగున వెంట్రుకవాసి పగులు వచ్చింది. గ్లాసును విడిగా అమ్మబోమని, మొత్తం సెట్టు మళ్లీ కొనుక్కోవచ్చని అమ్మినవారు సమాధానమిచ్చారు. పరికరం పనితనమంతా గ్లాసు వెడల్పు మీదే ఆధారపడినప్పుడు ఆ గ్లాసునే విడిగా ఇవ్వకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా తోస్తుంది. కొనదలచిన వారు మోటారు వాట్ల కంటే ముందు గ్లాసు దొరుకుతుందో లేదో, గంట వెడల్పు ఎంతో అడగాలి. నా పరికరం గంట ఆరున్నర సెంటీమీటర్లు. వెదికి వెదికి, లోపలి వెడల్పు ఏడున్నర సెంటీమీటర్లున్న, నిటారు గోడల మందపాటి గాజు సీసా ఒకటి సంపాదించాను. అడుగున గంటను గట్టిగా ఒత్తకుండా ఆనించి వాడుతున్నాను, పాల పునాది ఒక్కసారి కూడా విరగలేదు. పచ్చి వెల్లుల్లి, నూనె కలిసిన సాస్‌ను బయట ఉంచడం ప్రమాదకరం కాబట్టి, చేసిన వెంటనే అదే సీసాకు మూత బిగించి, 4 డిగ్రీల సెల్సియస్‌కు మించని చలిలో ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో ముగిస్తున్నాను; ఇంకో గిన్నెలోకి వంపే పని, దాన్ని తోమే పని తప్పాయి.