సిగరెట్ నుంచి వేప్‌కి, వేప్ నుంచి గమ్‌కి: మూడూ వాడినవాడి అనుభవం

రోజుకి పదిహేను సిగరెట్లు, అలా పదహారేళ్లు. 2004లో కాకినాడలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు మొదలుపెట్టాను. 2020 జనవరిలో దుబాయ్‌లో వేప్, అంటే నికోటిన్ ఆవిరి పీల్చే ఈ-సిగరెట్, కొనేదాకా ఒక్క వారం కూడా మానలేదు. వేప్ రెండున్నరేళ్లు వాడాను. తర్వాత ఊరొచ్చి మళ్లీ సిగరెట్లలో పడి, చివరికి సిగరెట్ మానడానికి నమిలే నికోటిన్ గమ్‌తో బయటపడ్డాను. వారం రోజులు వాడి బాగుందనో బాగోలేదనో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ విషయంలో అసలు సంగతి ఏడాది దాటితే గానీ తెలియదు. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పొగాకు మా ఇళ్లలో కొత్త వస్తువు కాదు. గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకి పేరు. మా తాత పొద్దున్నే అరుగు మీద కూర్చుని రోజుకి సరిపడా చుట్టుకునేవాడు. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థని 1947లోనే పెట్టారు. అలాంటి చోట పుట్టినవాడు సిగరెట్ పట్టుకుంటే అమ్మ ఏడ్చింది గానీ, ఊళ్లో ఎవరూ వింతగా చూడలేదు.

దుబాయ్‌కి 2013లో ఏసీ టెక్నీషియన్‌గా వెళ్లాను. క్యాంపులో గదికి ఆరుగురం. సిగరెట్ కావాలంటే మూడంతస్తులు దిగాలి. ఎక్కేటప్పుడు రెండో అంతస్తు దగ్గర ఆగి గోడ పట్టుకునేవాణ్ణి, అప్పటికి నాకు ముప్ఫై ఐదేళ్లు కూడా లేవు. 2019 ఏప్రిల్‌లో అక్కడ వేప్‌ల అమ్మకాన్ని చట్టబద్ధం చేశారు. ఆ తర్వాత కొన్ని నెలలకి, మా ఫోర్‌మన్ వాడుతుంటే చూసి నేనూ కొన్నాను. చిన్న పాడ్ రకం వేప్, మిల్లీలీటరుకి 20 ఎంజీ నికోటిన్ సాల్ట్ ద్రవం, మెంథాల్ రుచి. అందులో ఆకు కాలదు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్‌లో కలిపిన నికోటిన్‌ని ఒక కాయిల్ వేడి చేసి ఆవిరిగా ఇస్తుంది. కాలేది లేదు కాబట్టి సిగరెట్‌లో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ బెడద ఉండదు. అలాగని అది మామూలు ఆవిరి కాదు, ఊపిరితిత్తుల్లోకి రసాయనాలు పోతూనే ఉంటాయి.

మేలు జరిగిందా అంటే, జరిగింది. దాచడం ఎందుకు? మొదటి రెండు వారాలు రెండూ కాల్చాను. మూడో వారం నుంచి సిగరెట్ ముట్టలేదు. దగ్గు మొదట్లో పెరిగింది, నెలన్నరలో పోయింది. మెట్ల మీద ఆగడం మానేశాను. ఒకరోజు అమ్మ పంపిన మాగాయ సీసా మూత తీస్తే, మెంతిపిండి వాసన గది అవతలి మంచం దాకా వచ్చింది. గదిలో వాళ్లకి అది రోజూ వచ్చే వాసనే. నాకే ఎన్నో ఏళ్లుగా తెలియలేదు. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి అమ్మతో గంట మాట్లాడాను.

కాయిల్ మాడితే గొంతులో గుడ్డ కాలిన కంపు కొడుతుంది. ఎండకి జేబులో కారుతుంది. నోరు ఎండిపోయి నీళ్లు తాగుతూనే ఉండాలి. ఇవన్నీ చిన్నవే, అలవాటైపోతాయి.

అసలు ఇబ్బంది వేరే. సిగరెట్ వెలిగిస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, పీక పారేసి పనిలోకి వెళ్లాలి. వేప్‌కి అలా ముగింపు లేదు. కంపు లేదు కాబట్టి కిందికి దిగక్కర్లేదు. దుప్పట్లో పీల్చాను, బాత్‌రూమ్‌లో పీల్చాను, ఏసీ గాలి వెళ్లే డక్ట్ లోపల పడుకుని పని చేస్తూ కూడా పీల్చాను. మొదట్లో పాడ్ రెండు రోజులు వచ్చేది. ఏడాది తిరిగేసరికి ఒక్క రోజుకే చాలేది కాదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే చెయ్యి దిండు కిందికే వెళ్లేది. సిగరెట్లు కాల్చినప్పుడు కూడా నిద్రలో లేచి కాల్చిన మనిషిని కాదు నేను. సిగరెట్ మానేశానని అందరికీ చెప్పుకుంటూ, నికోటిన్ మాత్రం అంతకుముందుకంటే ఎక్కువే తీసుకుంటున్నానని నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత చదివితే ఇది నా ఒక్కడి సంగతి కాదని తెలిసింది. ఇంగ్లండ్‌లో సిగరెట్ మానాలనుకున్న 886 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే వేప్ ఇచ్చినవాళ్లలో 18 శాతం మంది, గమ్, చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్ లాంటివి ఇచ్చినవాళ్లలో 9.9 శాతం మంది సిగరెట్ మానేసి ఉన్నారు. ఇక్కడిదాకానే అందరూ చెబుతారు. అలా మానేసినవాళ్లలో, వేప్ వాడినవాళ్లు 80 శాతం మంది ఏడాదికి కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. గమ్, ప్యాచ్ వాడినవాళ్లలో అవి ఇంకా వదలనివాళ్లు 9 శాతమే. ఈ రెండో లెక్క మొదటి రోజే నాకు ఎవరైనా చెప్పి ఉంటే, ఫలానా నెలకి ఇదీ ఆపేయాలి అని గడువు పెట్టుకునే కొనేవాణ్ణి.

2022 ఆగస్టులో ఉద్యోగం వదిలి ఊరొచ్చేశాను. పాడ్ అక్కడే వదిలేశాను. మన దేశంలో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ తెచ్చి వేప్‌లు నిషేధించారు, డిసెంబరులో అదే చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. అమ్మితే మొదటిసారికే ఏడాది వరకు జైలు గానీ, లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇక్కడ కూడా చాటుగా దొరుకుతాయని ఒక స్నేహితుడు తెచ్చి చూపించాడు. ద్రవం మీద నికోటిన్ ఎంతో కూడా రాసి లేదు. 2019లో అమెరికాలో జరిగింది గుర్తొచ్చి తిరిగి ఇచ్చేశాను. అక్కడ వేప్‌లో పోసి పీల్చే దొంగచాటు గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ వల్ల ఎక్కువగా వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో 68 మంది చనిపోయారు. చాటుగా అమ్మే సరుకులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

వేప్ లేదు, నికోటిన్ ఆకలి మాత్రం అలాగే ఉంది. మూడో రోజు నరసాపురం అత్తవారింటికి వెళ్తూ సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డాను. పక్కన బడ్డీ కొట్టు. ఒక్కటే కదా అని కొన్నాను. నెల తిరగకుండా మళ్లీ పదిహేనుకి చేరాను.

2018 నుంచి సిగరెట్ పెట్టెల మీద మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు అచ్చు వేస్తున్నారు: 1800-11-2356. కానీ మన దగ్గర చాలామంది విడిగా ఒకటీ రెండూ కొంటారు, పెట్టె కొట్లోనే ఉంటుంది, నంబరు కంట పడదు. ఆ సంక్రాంతికి చుట్టాలు వస్తారని పెట్టె కొన్నాను కాబట్టి నేను చూశాను. చేస్తే తెలుగులోనే మాట్లాడారు. ఫలానా రోజు అని ముందే పెట్టుకోమన్నారు. 2023 ముక్కనుమ అనుకున్నాను. ముందు రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఆఖరుది కాల్చాను.

గమ్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది తప్పుగా వాడి పని చేయలేదని వదిలేస్తున్నారు. నేనూ మొదటి నాలుగు రోజులు మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలాను. ఎక్కిళ్లు, కడుపులో మంట. మందుల షాపులో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫోన్‌లో కౌన్సెలర్ అడిగారు, "ఎలా నములుతున్నారండీ?" అని. చెబితే, తప్పు అక్కడే ఉందన్నారు. మెల్లగా నమలాలి. మిరియం కొరికినట్టు నాలుక చుర్రుమనగానే ఆపి, బుగ్గకీ చిగుళ్లకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొంచెం నమిలి ఇంకో వైపు పెట్టాలి. అలా అరగంట. నికోటిన్ బుగ్గ లోపలి చర్మం గుండా ఎక్కాలి, ఉమ్మితో కడుపులోకి పోతే పని చేయదు, మంట తప్ప. కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం తాగితే పావుగంట ఆగాలి, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగ్గా ఎక్కదు.

2 ఎంజీ నికోటిన్ ఉన్న గమ్ డాక్టరు చీటీ లేకుండా ఇస్తారు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి 4 ఎంజీ కావాలి. నాకు డాక్టరు చీటీ మీద అదే రాశారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా వాడకూడదు. కట్టుడు పళ్లు ఉంటే అతుక్కుంటుంది. పాన్ రుచిది నాకు పడలేదు, పుదీనాదే నయం.

సిగరెట్‌లా కొన్ని సెకన్లలో తలకెక్కదు, ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. మొదట్లో ఆ ఆలస్యానికి చిరాకు, టెన్షన్, పిల్లల మీద అరవడం అన్నీ అయ్యాయి. పదిహేను రోజుల తర్వాత ఆ ఆలస్యమే నాకు మేలు చేసిందనిపించింది. గమ్ వేసుకున్నప్పుడు ఆనందం ఏమీ ఉండదు, ఆకలి చల్లారుతుంది, అంతే. ఆనందం ఇవ్వని వస్తువుని వదలడం నాకు తేలికైంది. మూడు నెలల్లో ఆపేయమంటారు, నాకు ఎనిమిది పట్టింది. రోజుకి పన్నెండుతో మొదలై, 2 ఎంజీకి దిగి, సెప్టెంబరుకి సున్నా. మధ్యలో ఒకసారి జారాను. జూలైలో మామగారి దినాల రోజు రెండు సిగరెట్లు కాల్చాను. మర్నాడు మళ్లీ గమ్ వేసుకున్నాను, లెక్క మొదటి నుంచి మొదలుపెట్టలేదు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఇప్పుడు సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఆ కొట్టు వైపు చూపు పోతుంది, కాళ్లు పోవు. మొన్న పంటు మీద మా బావమరిది, "బావా, నేను కూడా ఆ గమ్ వాడాను, ఎక్కిళ్లు వచ్చి మానేశాను" అన్నాడు. అవతలి ఒడ్డు వచ్చేలోపు ఎలా నమలాలో, ఎక్కడ పెట్టుకోవాలో చూపించాను. ఇది అతనికి మూడో వారం. నిన్న ఫోన్ చేస్తే రోజుకి రెండు సిగరెట్లకి దిగాడట, పొద్దున లేవగానే ఒకటి, భోజనం అయ్యాక ఒకటి. పొద్దున్నదానికి 4 ఎంజీ రాయమని డాక్టరుని అడుగుదామని ఈ ఆదివారం తీసుకెళ్తున్నాను.